చిన్నక్క చెప్పిందేమిటంటే

సభలంటే నాకు మొదటినుంచీ గిట్టదు. శాలువా కప్పించుకున్న మనిషి ఎక్కడో మూలన ఉంటుంది, కప్పినవాళ్ళు ఫోటో నిండా ఉంటారు. అయినా ఆ రోజు చిన్నక్క కోసం బడికి సెలవు పెట్టి అనంతపురం వెళ్ళాను. వెళ్ళి మంచి పని చేశానని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, ఆ హాల్లో కూర్చున్నంతసేపూ ఎందుకొచ్చాన్రా దేవుడా అనే అనుకున్నాను.

మాది రాయదుర్గం వెళ్ళే దారిలో, బస్సు దిగి కొంత దూరం నడవాల్సిన ఊరు. నేను అక్కడి బళ్ళో తెలుగు చెబుతాను. చిన్నక్క గొర్రెల ఆదెప్పకు చెల్లెలు. పుట్టుకతోనే వినపడదు, అందుకని మాటా రాలేదు. ఆమె చిన్నతనంలో అలాంటి పిల్లలకు కూడా బడులుంటాయని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చేతికి కర్ర ఇచ్చి మంద వెనక పంపారు. ఇప్పుడు నలభై దాటింది, ఇంకా మంద వెనకే ఉంది. ఊళ్ళో ఎవరికైనా విసుగొస్తే ఆమె ఎదుటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనేసి నవ్వుతారు. ఆ సామెత పాఠంలో వచ్చినప్పుడల్లా నేను దాటేసి పోతాను. పరీక్షలో అడిగితే అడగనీ.

చిన్నక్క నోరు లేని మనిషే గానీ అమాయకురాలు కాదు. ఆమె ముందు ఎవరి గుట్టూ దాగదు. మనుషులకు ఆమె పేర్లు వేరు. సర్పంచు అంటే పొట్ట ముందుకు తోసి నడవడం. ఆమె మేనకోడలు గౌతమి అంటే రెండు జడలు, ఆ పిల్ల జడలు మానేసి ఎన్నాళ్ళయినా సరే. ఆదెప్ప అంటే భుజం మీద తువ్వాలు విసురుకోవడం. నేనంటే కళ్ళద్దాలు ముక్కు మీదికి ఎగదోసి వేలు ఊపడం. నేను అంతగా వేలు ఊపుతానని ఆమె చూపేదాకా నాకే తెలియదు. మనతో ఏదైనా చెప్పాలంటే ముందు మన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంటుంది. చూడు, ఇప్పుడు చెబుతున్నాను అని దాని అర్థం. పెద్దా చిన్నా లేదు, ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి గడ్డం కూడా అలాగే తిప్పింది.

ఆ సైగలు ఎవరూ నేర్పినవి కావు. ఆ ఇంట్లో, గొర్రెల మధ్య పుట్టినవి. అందుకే సగానికి పైగా గొర్రెల మాటలే. ఈనడం, కుంటడం, తప్పిపోవడం, నక్క. వాటిలో ఒకటి మా ఊరి పిల్లలందరికీ తెలుసు. మందకు పొట్టేళ్ళు ఒకటి రెండు చాలు. మిగతావాటికి విత్తులు నొక్కేస్తారు. ఆ తర్వాత అవి గొర్రెల జోలికి పోకుండా ఒళ్ళు చేస్తాయి. ఈ పనికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా ఆదెప్పనే పిలుస్తారు. చిన్నక్క దాన్ని ఇలా చూపుతుంది: రెండు పిడికిళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి బట్ట పిండినట్టు మెలితిప్పుతుంది, తర్వాత అరచేతులు విప్పి ఖాళీగా చూపుతుంది. ఇంక లేదు, అయిపోయింది అని. పని అయ్యాక ఆదెప్పకు ఒక అలవాటుంది. తువ్వాలు అంచుకు చేతులు తుడుచుకుని, ఆ జీవం ముఖం చూడకుండా అటు తిరిగి నిలబడతాడు. పాపభయమో ఏమో.

ఇక అసలు సంగతి. చిన్నక్కకు ఇరవై రెండో మూడో ఉన్నప్పుడు ఆదెప్ప ఆమెను పట్నంలో ఒక నర్సింగ్ హోముకు తీసుకుపోయి గర్భసంచి తీయించాడు. కడుపులో గడ్డ ఉందని ఆమెకు సైగ చేసి చెప్పారు. గడ్డా లేదు, గాడిద గుడ్డూ లేదు. తల్లిదండ్రులు పోయారు, ఆడమనిషి ఒంటిగా కొండకు పోతుంది, కష్టం వస్తే కేక వేసి పిలవలేదు, రేపు ఏమన్నా జరిగితే పరువేం కావాలని పెద్దమనుషులు ఆదెప్ప చెవిలో పోరారు. ఎవడో ఏదో చేస్తాడని భయం. ఆ ఎవడినో వదిలేసి ఈమె కడుపుకు కోత పెట్టించారు. ఆదెప్ప దుర్మార్గుడైతే నాకు తిట్టుకోవడానికి సులువుగా ఉండేది. కానీ చెల్లెలు తినకుండా అతను కంచం ముందు కూర్చోడు.

ఊరందరికీ తెలిసిన ఈ సంగతి ఒక్క చిన్నక్కకే తెలియదని అందరూ నమ్మారు. ఆమె ఉండగానే ఆ మాట అనుకునేవారు, ఎలాగూ వినపడదు కదా అని. నోటితో చెప్పలేదు కాబట్టి తెలియదనుకున్నారు. పుట్టినప్పటినుంచీ ఆమెకు తెలిసినవేవీ ఎవరో నోటితో చెబితే తెలిసినవి కావని ఒక్కరికీ తోచలేదు.

గౌతమికి పదహారేళ్ళప్పుడు ఈ విషయం తెలిసింది. తండ్రితో పెద్ద గొడవ పెట్టుకుంది. చివరికి తల్లి కూతురి చెయ్యి తన తల మీద పెట్టించుకుని, అత్తకు ఈ మాట ఎప్పుడూ చెప్పనని ఒట్టు వేయించుకుంది. అంతటితో ఆ ఇంట్లో ఆ మాట ముగిసింది.

ఇప్పుడా పిల్ల అనంతపురంలో, ఒక విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ ఎమ్మే చదువుతోంది. అక్కడ సమానత్వ వారోత్సవం పెట్టారు. మొదటి రోజు కులం గురించీ ఒంటి రంగు గురించీ మాట్లాడుకున్నారట. ఆఫ్రికా నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రవాడు, బాడుగ ఇల్లు అడిగితే జనం తలుపు వేసుకున్న తీరు చెప్పాడట. రెండో రోజు ఆడవాళ్ళ గురించి, మూడో రోజు వికలాంగుల గురించి. ఆడదీ వికలాంగురాలూ ఒక్క మనిషే అయితే ఏ రోజుకు పిలవాలో మరి. చిన్నక్కను మూడో రోజుకు పిలిచారు. గౌతమి వాళ్ళ ప్రొఫెసర్ శశి మేడం మంచి మనిషి, గడియారం కేసి ఎక్కువ చూస్తుంది, అంతే. అత్త సైగ చేస్తే గౌతమి మైకులో చెప్పాలి, చివర్లో ఆదెప్ప చేత చెల్లెలికి శాలువా కప్పించాలి. ఇదీ ఏర్పాటు.

ఆదెప్ప ఉతికిన పంచె కట్టుకుని, ఉబ్బితబ్బిబ్బవుతూ బయలుదేరాడు. కానీ అనంతపురం బస్టాండులో దిగగానే, మమ్మల్ని పిలుచుకుపోవడానికి వచ్చిన కూతురిని పక్కకు పిలిచాడు. నన్ను పరాయిదాన్నిగా చూడడు కాబట్టి నా ముందే అన్నాడు.

"పాపా, గొర్రెల సంగతి చెప్పించు. కొండ, వాన, నక్క, అంతే. నువ్వు శానా చదివినావు, సరే. దానికి తెలీని సంగతి ఆడ నువ్వు ఎత్తొద్దు. మీ యమ్మ తల మీద చెయ్యి పెట్టినావు, మర్చిపోవద్దు."

అతను భయపడింది కూతురి నోటికే. చెల్లెలి చేతుల వంక ఒకసారైనా చూసి ఉంటే బాగుండేది.

హాలు నిండుగా ఉంది. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు, చిన్నక్కకు ఒక పక్క నేను, ఒక పక్క ఆదెప్ప. గౌతమి వేదిక మీద పనుల్లో ఉంది. ఉపన్యాసాలు సాగుతున్నంతసేపూ ఆమె ముఖాలు చూస్తూ కూర్చుంది. మైకు ఎవరి చేతిలో ఉంటే ముఖాలన్నీ అటు తిరగడం గమనించి, నాకు మోచేత్తో పొడిచి చూపించింది. ఒక పెద్దాయన మాట్లాడుతుంటే ఆవలింతలు లెక్కపెట్టి నవ్వింది. అంతవరకూ అంతా బాగానే ఉంది.

ఆ తర్వాత హేమావతి అనే అమ్మాయిని పిలిచారు. కదిరి పిల్ల, రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌లో పని చేస్తుంది. ఆమెకూ వినపడదు. బళ్ళో నేర్చుకున్న సైగలతో గబగబా మాట్లాడుతుంటే పక్కన ఒకతను వాటిని తెలుగులో చెబుతున్నాడు. చిన్నక్క కుర్చీ అంచుకు జరిగింది. చేతులతో మాట్లాడే మనిషి లోకంలో తానొక్కతే అని ఆమె ఇన్నేళ్ళూ అనుకుంది. హేమావతి సైగలు ఆమెకు ఒక్కటీ అర్థం కాలేదు, అయినా కళ్ళు తిప్పలేదు.

హేమావతి ఒళ్ళో మూడేళ్ళ పాప ఉంది. తల్లి తన వైపు చూడడం లేదని ఆ పిల్లకు కోపం వచ్చింది. చిన్న చెయ్యి చాచి తల్లి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

చిన్నక్క నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. గౌతమి వేదిక దిగి వస్తే ఆమెను ఆపి అడిగింది. హేమావతిని చూపి, చెవి తాకి, లేదని చెయ్యి ఊపింది. తర్వాత పాపను చూపి, కడుపు తాకి, కనుబొమ్మలు ఎగరేసింది. ఆమె కడుపున పుట్టిందేనా? గౌతమి తల ఊపింది. చిన్నక్క కుర్చీలో వెనక్కి ఆనుకుని, నెమ్మదిగా అన్న వైపు తిరిగింది. ఆదెప్ప తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఫ్యాను కేసి చూస్తున్నాడు. ఆమె మాత్రం చూపు తీయలేదు. ఈమెకు తెలుసు అనుకున్నాను. ఎప్పటినుంచో తెలుసు. ఇక ఈ సభలో ఏం కానుందో!

ఇంతలో చిన్నక్క పేరు పిలిచారు. గొర్రెల సంగతి బాగానే జరిగింది. నక్కను తరిమిన వైనం చూపిస్తే హాలంతా నవ్వింది. అక్కడితో ఆపి ఉంటే అందరం చప్పట్లు కొట్టి, ఇచ్చిన భోజనం తిని వచ్చేవాళ్ళం. శశి మేడం మాత్రం ఆప్యాయంగా, జీవితంలో మీకు కావాలనుకుని దక్కనిది ఏమైనా ఉందా అని అడిగింది. గౌతమి ఒక్క క్షణం తటపటాయించి సైగ చేసింది. నీకు కావాల్సింది, లేనిది, ఏమిటి?

చిన్నక్క హేమావతి పాపను చూపింది. తన కడుపు మీద చెయ్యి వేసుకుంది. పిడికిలి మీద పిడికిలి పెట్టి మెలితిప్పింది. అరచేతులు విప్పింది. తర్వాత లేని తువ్వాలు ఒకటి భుజం మీదికి విసిరింది.

ఆ హాల్లో వందల మంది ఉన్నారు. ఆ మాట అర్థమైంది ముగ్గురికే. నేను, గౌతమి, ఆదెప్ప. అతని చెయ్యి భుజం మీద తువ్వాలును గట్టిగా పట్టుకుంది. గౌతమి ముఖంలో నెత్తురు లేదు. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"మా అత్తకు పిల్లలంటే శానా ఇష్టమంట. గొర్రెపిల్లల్నే తన పిల్లలనుకుంటాదంట."

హాలు చప్పట్లతో మోగిపోయింది. ముందు వరసలో ఎవరో నవ్వుతూనే అయ్యో పాపం అన్నారు. ఫోన్లు లేచాయి. చిన్నక్క ఒక్కొక్క ముఖం చూసుకుంటూ వచ్చింది. తను చెప్పిన మాటకు రావాల్సిన ముఖాలు కావవి. మా ఊళ్ళో ఎన్నో ఏళ్ళుగా తనను చూసి నవ్విన ముఖాలు ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు. ఇవీ అవే.

చిన్నక్క గౌతమి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. మళ్ళీ చెప్పింది, ఈసారి చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా. పాప. కడుపు. పిడికిళ్ళు. ఖాళీ చేతులు. తువ్వాలు. చివర ఇంకొకటి కలిపింది. తన గడ్డం తానే పట్టుకుని, లేదని తల అడ్డంగా ఊపింది.

గౌతమి తండ్రి వైపు చూసింది. ఆదెప్ప తల కదిలీ కదలనట్టు కదిలింది. వద్దు. పిల్ల మైకు కిందికి దించేసింది. తల్లి తల మీద పెట్టిన చెయ్యి ఒక వైపు, చదువుకు పంపిన తండ్రి ఒక వైపు, ఎదురుగా అత్త. ఆ వయసులో నన్ను అక్కడ నిలబెట్టి ఉంటే వేదిక దిగి పారిపోయేదాన్ని. ఏమంటున్నారు అని శశి మేడం నవ్వుతూ అడిగి, గడియారం చూసుకుంది. వెనక నుంచి ఎవరో కుర్రవాడు వినబడలే, వినబడలే అని అరిచాడు.

అప్పుడు చిన్నక్క గౌతమి చేతిలోని మైకు తీసుకుంది. అదేం చేస్తుందో పొద్దుటినుంచీ చూసింది కదా. తీసుకుని, గౌతమి నోటి దగ్గర పెట్టి, పట్టుకుని నిలబడింది.

గౌతమి కళ్ళు తుడుచుకోలేదు. కారనిచ్చింది.

"ఇందాక నేను చెప్పింది అబద్ధం," అంది. "మా అత్త చెప్పింది ఇది. ఆయమ్మకు బిడ్డ ఉండాది. నాకు లేదు. పొట్టేళ్ళకు విత్తులు నొక్కినట్టు నాకు చేయించినాడు మాయన్న. నా గడ్డం పట్టుకోని నన్ను అడిగినోళ్ళు లేరు."

మొదట కొందరికి అర్థం కాలేదు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ముందు అర్థమైంది. వాళ్ళు పక్కవాళ్ళకు చెప్పారు. అలా వరస వెనక వరస ముఖాలు మారిపోయాయి. చిన్నక్క చివరి వరసదాకా ఆ ముఖాలు చూసింది. చూసి, ఇప్పుడు సరిపోయింది అన్నట్టు తల ఊపి, మైకు దించింది. నాకు ఏడుపు ఆగలేదు. జాలితో కాదు, ఇన్నేళ్ళూ ఆమె ఎదురుగా ఆ మాట అనుకున్న మా ఊరి మీద ఒళ్ళు మండి.

కార్యక్రమం నడిపే అమ్మాయి చేతిలో కాగితం ఉంది. ఆ పిల్లకు ఏం చేయాలో తోచక, అందులో తర్వాత ఉన్నది చదివేసింది. ఇప్పుడు వారి అన్నగారు ఆదెప్పగారు చెల్లెలికి శాలువా కప్పుతారు. ఆదెప్ప లేచాడు. వేదిక మెట్ల దాకా వెళ్ళాడు. కాలు పైకి రాలేదు. అందరూ చూస్తుండగా వెనక్కి తిరిగి, తలవంచుకుని, హాలు దాటి వెళ్ళిపోయాడు.

శశి మేడం శాలువా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గడియారం చూసుకోలేదు. హేమావతి వచ్చి చిన్నక్క చేతులు పట్టుకుంది. ఒకరి సైగలు ఒకరికి తెలియవు, ఊరికే పట్టుకుంది. పాప మాత్రం చిన్నక్క చంకకెక్కి, దిగనంది.

మేము బయటికి వచ్చేసరికి ఆదెప్ప గేటు ఎదుటి బస్టాపులో సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సాయంత్రపు ఎండ ముఖం మీద పడుతున్నా జరగలేదు. వెళ్ళిపోయాడేమోనని నేను భయపడ్డాను గానీ, చెల్లెల్ని వదిలి అతను ఎక్కడికి పోతాడు? చిన్నక్క పోయి అతని పక్కనే కూర్చుంది. గౌతమి ఎదురుగా నిలబడింది. మా ఊరి వైపు వెళ్ళే బస్సు కాక మిగతా బస్సులన్నీ వచ్చాయి.

చివరికి ఆదెప్ప అన్నాడు. "అడుగు పాపా. దానికి ఎట్ల తెలిసిందో అడుగు."

"నువ్వే అడుగు నాయనా. నీకూ చేతులుండాయి కదా."

కోపంగా అనలేదు. అయినా అతను ఆ మాటకు ఉలిక్కిపడ్డాడు. చెల్లెలితో అతను చేసే సైగలు ఎన్నని? రా, పో, తిను, గొర్రెల్ని తోలు. ఇలాంటిది అడగడానికి ఆ ఇంట్లో సైగే లేదు. చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత ఆ రెండు పిడికిళ్ళూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. జీవితమంతా చేసిన పనే, కానీ ఉత్త చేతులతో మెలితిప్పడం ఇప్పుడు రాలేదు. మధ్యలో ఆగిపోయి, ఆమె వైపు వేలు చూపి, తన కన్ను తాకి చూపాడు. నీకెలా తెలిసింది?

చిన్నక్క అతని భుజం మీది తువ్వాలు తీసుకుంది. దాని అంచుకు నిదానంగా ఒక చెయ్యి, ఇంకో చెయ్యి తుడుచుకుంది. తుడుచుకుని, అతని ముఖం చూడకుండా అటు తిరిగింది. ఆస్పత్రి మంచం మీద తను కళ్ళు తెరిచేసరికి అన్న అలాగే నిలబడి ఉన్నాడని.

అలవాటు ఎక్కడికి పోతుంది, ఆదెప్ప ముఖం పక్కకు తిప్పుకోబోయాడు. చిన్నక్క తువ్వాలు అతని భుజం మీద తిరిగి వేసి, గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. మా బస్సు వచ్చేదాకా వదల్లేదు.